రెన్యువల్ ఆలస్యమైతే షాట్‌గన్ వాడవచ్చా? బ్రిటన్ చట్టంలో తాత్కాలిక పర్మిట్ హద్దులు

బ్రిటన్‌లో షాట్‌గన్ దగ్గర ఉంచుకోవాలంటే పోలీసులు ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది. ఆ ఐదేళ్లు నిండే నాటికి రెన్యువల్ దరఖాస్తుపై పోలీసులు ఏ నిర్ణయమూ తీసుకోకపోతే, అప్పటిదాకా ఇంట్లోని ఉక్కు బీరువాలో చట్టబద్ధంగా ఉన్న తుపాకీ, వేరే ఏర్పాటేదీ లేనప్పుడు, మర్నాటి నుంచి ఎవరూ ముట్టుకోకుండానే చట్టవిరుద్ధమైన ఆయుధం అవుతుంది. సర్టిఫికెట్ లేకుండా షాట్‌గన్ ఉంచుకోవడం 1968 నాటి ఫైరార్మ్స్ చట్టం 2వ సెక్షన్ ప్రకారం నేరం. గరిష్ఠ శిక్ష ఐదేళ్ల జైలు. దరఖాస్తు సకాలంలోనే పెట్టాను, ఆలస్యం చేసింది పోలీసులే అని యజమాని చెప్పుకోవడం న్యాయంగానే ఉంటుంది కానీ, ఆ సెక్షన్ ముందు అది నిలబడే వాదన కాదు. ఈ చిక్కును తప్పించడానికి అదే చట్టంలోని 7వ సెక్షన్ కింద తాత్కాలిక పర్మిట్ ఇచ్చే పద్ధతి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో ఉంది. (ఉత్తర ఐర్లండ్‌కు ఆయుధాల చట్టం వేరు.) ఆ పర్మిట్ చేతికి వచ్చిన వ్యక్తి తుపాకీని బీరువాలో భద్రపరచుకోవడంతో సరిపెట్టుకోవాలా, లేక ఎప్పటిలా పొలానికో క్లే షూటింగ్ (గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్లలను కాల్చే క్రీడ) మైదానానికో తీసుకెళ్లి కాల్చవచ్చా అన్నదే ఇక్కడి ప్రశ్న.

7వ సెక్షన్ చాలా చిన్నది. తాను నివసించే ప్రాంతపు పోలీసు ఉన్నతాధికారి నుంచి నిర్ణీత నమూనాలో పర్మిట్ పొందిన వ్యక్తి, సర్టిఫికెట్ లేకపోయినా, ఆ పర్మిట్ షరతులకు లోబడి ఆయుధాన్నీ మందుగుండునూ తన స్వాధీనంలో ఉంచుకోవచ్చు అని మాత్రమే అది చెబుతుంది. పర్మిట్ కోసం తప్పుడు సమాచారం ఇస్తే నేరమని రెండో ఉపసెక్షన్ హెచ్చరిస్తుంది. ఎన్నాళ్లకు ఇవ్వాలో, ఏయే సందర్భాల్లో ఇవ్వాలో, ఎందుకు నిరాకరించవచ్చో అందులో లేదు. ఇంత క్లుప్తంగా ఉన్న నిబంధన మీద ఇంత పెద్ద భారం పడటమే నేటి అయోమయానికి మూలం.

వాడకం విషయానికి వస్తే, చట్టం కాపలా పెట్టింది ఎక్కడో ముందు చూడాలి. 2వ సెక్షన్ నిషేధించేది మూడు పనులను: సర్టిఫికెట్ లేకుండా షాట్‌గన్‌ను దగ్గర ఉంచుకోవడం, కొనడం, ఇతరత్రా పొందడం. కాల్చడాన్ని అది విడిగా నేరంగా పేర్కొనలేదు, సర్టిఫికెట్ కూడా కాల్చడానికి విడిగా అనుమతి ఇవ్వదు. తుపాకీ చట్టబద్ధంగా ఒకరి స్వాధీనంలో ఉంటే, అనుమతి ఉన్న భూమిలో, సురక్షితంగా, వేట చట్టాలకు లోబడి దాన్ని వాడటం ఆ స్వాధీనంలో భాగమే. అందువల్ల పర్మిట్‌లో వాడకాన్ని నిషేధించే షరతు ఏదీ లేకపోతే, పర్మిట్‌దారుడు తన తుపాకీని మునుపటిలాగే వాడుకోవచ్చు అన్నది చట్టాన్ని సూటిగా చదివితే తేలే అర్థం. స్వాధీనం అన్న మాట చూసి బీరువా తాళం తీయడానికి కూడా భయపడటం అనవసరం.

అయితే ఆ అర్థం మొత్తం పర్మిట్ షరతుల మీదే ఆధారపడి ఉంటుంది. సర్టిఫికెట్ షరతులు 1998 నాటి నిబంధనల్లో అందరికీ ఒకేలా ఉంటాయి: సంతకం చేయడం, వాడనప్పుడు అనధికారులకు అందకుండా భద్రపరచడం, పోయినా దొంగతనం జరిగినా పోలీసులకు తెలపడం, చిరునామా మారితే చెప్పడం వంటివి. పర్మిట్ సంగతి అలా కాదు. ఎవరైనా చనిపోయినప్పుడు వారి తుపాకులను అమ్మేదాకా వారసుల దగ్గర ఉంచడానికి కూడా ఇదే 7వ సెక్షన్ పర్మిట్ ఇస్తారు. అక్కడ ఉద్దేశం తుపాకీని భద్రంగా వదిలించుకోవడం. దాన్ని కాల్చాల్సిన పని వారసుడికి లేదు, అసలు కాల్చడం తెలిసినవాడు కూడా కాకపోవచ్చు. కాబట్టి ఆ సందర్భంలో భద్రపరచడానికి మాత్రమే అని రాయడం సహజం. రెన్యువల్ ఆలస్యమైన వ్యక్తికి ఇచ్చే పర్మిట్‌లో అలాంటి వాక్యం ఉండాల్సిన అవసరం లేదు. కానీ ఒకే నమూనా రెండు అవసరాలకూ వాడుతున్నప్పుడు, ఒకదానికి రాసిన మాట మరొకదానిలోకి వచ్చే వీలుంటుంది. వచ్చిందంటే, అది పొరపాటున వచ్చినా సరే, షరతు షరతే. దాన్ని దాటి కాల్చిన వ్యక్తి పర్మిట్ ఇచ్చే రక్షణ కోల్పోయి, నేరుగా 2వ సెక్షన్ కిందికి వస్తాడు.

అందుకే ఆ కాగితాన్ని అందుకున్న రోజే వరసగా చదవాలి. పేరు, చిరునామా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏయే తుపాకులు, వాటి తయారీ సంస్థ, గేజ్ (గొట్టం లోపలి వెడల్పు కొలత), సీరియల్ నంబరు, చివర షరతులు. మూడు తుపాకులున్న వ్యక్తి పర్మిట్‌లో రెండే నమోదైతే మూడోదానికి పర్మిట్ లేనట్టే. సీరియల్ నంబరులో ఒక అంకె తారుమారైతే, దారిలో పోలీసు ఆపినప్పుడు చేతిలో ఉన్న తుపాకీ, కాగితంలో ఉన్న తుపాకీ ఒకటేనని అక్కడికక్కడ నిరూపించడం కష్టమవుతుంది. షాట్‌గన్ ఉందని నమ్మిన వ్యక్తిని సర్టిఫికెట్ చూపమని అడిగే అధికారం 48వ సెక్షన్ పోలీసుకు ఇస్తుంది. చూపలేకపోతే, ఆ చట్టం కింద సర్టిఫికెట్ లేకుండానే తుపాకీ ఉంచుకునే హక్కు తనకుందని నిరూపించుకోలేకపోతే, తుపాకీని స్వాధీనం చేసుకోవచ్చు. సర్టిఫికెట్‌ను ఇంట్లో వదిలి వెళ్లే అలవాటున్నవారు కూడా, పర్మిట్ కాలంలో మాత్రం ఆ పర్మిట్‌ను తుపాకీ సంచిలోనే ఉంచుకోవడం మంచిది.

ఇక పర్మిట్‌తో కుదరనివి చూద్దాం. 2వ సెక్షన్ నిషేధించిన మూడు పనుల్లో 7వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది ఒక్క స్వాధీనానికే. కాబట్టి పర్మిట్‌దారుడు కొత్త షాట్‌గన్ కొనలేడు. ఇతరత్రా పొందడం అంటే ఏమిటో 57వ సెక్షన్ నిర్వచించింది: అద్దెకు తీసుకోవడం, బహుమతిగా స్వీకరించడం, అరువు తీసుకోవడం. ఈ మూడూ పర్మిట్ పరిధిలో లేవు. పాత తుపాకీని దుకాణంలో ఇచ్చి కొత్తది తీసుకునే మార్పిడి కూడా కుదరదు, ఎందుకంటే అందులో సగం కొనుగోలే. ఉన్నదాన్ని రిజిస్టరైన డీలరుకు అమ్మడానికి మాత్రం అడ్డంకి లేదు. సర్టిఫికెట్ ఉన్న మిత్రుడు ఇచ్చే షాట్‌గన్‌ను 72 గంటల దాకా దగ్గర పెట్టుకునే సదుపాయం తీసుకునేవారికి కూడా సర్టిఫికెట్ ఉన్నప్పుడే వర్తిస్తుంది గనుక, పర్మిట్‌దారుడికి అది దొరకదు.

తూటాల దగ్గర విషయం మరింత ఆసక్తికరంగా ఉంటుంది. ఐదు లేదా అంతకు మించి గుండ్లు ఉండి, ఏ గుండూ 0.36 అంగుళాల వ్యాసం మించని మామూలు షాట్‌గన్ తూటాలను దగ్గర ఉంచుకోవడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. కనుక గడువు తీరిన రాత్రికి అల్మరాలోని తూటాల పెట్టెలు సమస్య కావు. కొనేటప్పుడే నియమం వస్తుంది. 1988 నాటి సవరణ చట్టం 5వ సెక్షన్ ప్రకారం దుకాణదారుడు వాటిని మామూలు కొనుగోలుదారుకు అమ్మాలంటే, ఆ వ్యక్తి సర్టిఫికెట్ చూపాలి. లేదా సర్టిఫికెట్ లేకుండానే అలాంటి తుపాకీ ఉంచుకునే హక్కు చట్టప్రకారం తనకుందని చూపాలి. లేదా మరొకరి సర్టిఫికెట్‌ను, వారి రాతపూర్వక అనుమతితో కలిపి చూపాలి. ఇందులో రెండో మార్గం 7వ సెక్షన్ పర్మిట్‌దారుడికి అచ్చంగా సరిపోతుంది. అంటే తుపాకీ కొనడానికి పనికిరాని పర్మిట్, తూటాలు కొనడానికి పనికొస్తుంది. అయినా కౌంటరు వెనక ఉన్న వ్యక్తి ఎప్పుడూ చూడని కాగితాన్ని అనుమానంగా తిప్పి చూసి, వద్దని తిప్పి పంపవచ్చు. తప్పుగా అమ్మితే నేరం అతనిది కాబట్టి ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం. దుకాణానికి వెళ్లే ముందు ఫోన్ చేసి అడగడమే తేలిక.

పర్మిట్ దాకా వెళ్లకముందే వర్తించే మరో రక్షణ ఉంది. దాన్నీ పర్మిట్‌నూ కలగలిపి మాట్లాడటం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. 2017 నాటి పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టం, ఫైరార్మ్స్ చట్టంలో 28బి సెక్షన్ చేర్చింది. దాని ప్రకారం గడువు ముగియడానికి కనీసం ఎనిమిది వారాల ముందు రెన్యువల్ దరఖాస్తు పోలీసులకు అందితే, గడువు నాటికి నిర్ణయం రాకపోయినా సర్టిఫికెట్ తనంతట తానే గరిష్ఠంగా మరో ఎనిమిది వారాలు కొనసాగుతుంది. ఈ కాలంలో అది పూర్తి సర్టిఫికెట్టే. ఉంచుకోవడమే కాదు, కొనడమూ కుదురుతుంది. కానీ కాగితం మీద ముద్రించిన తేదీ మాత్రం దాటిపోయి ఉంటుంది. ఫలితంగా చట్టం దృష్టిలో సంపూర్ణ హక్కున్న వ్యక్తి చేతిలో కాలం చెల్లినట్టు కనిపించే పత్రం ఉంటుంది. కొద్ది వారాల తర్వాత, హక్కు తగ్గిపోయినప్పుడు, తాజా తేదీతో మెరిసే పర్మిట్ ఉంటుంది. దరఖాస్తు ఏ తేదీన అందిందో తెలిపే పోలీసు లేఖను గానీ ఈమెయిల్ ప్రతిని గానీ సర్టిఫికెట్‌కు జతచేసి ఉంచుకోవాల్సింది ఇందుకే.

ఒక ఉదాహరణ చూద్దాం. సర్టిఫికెట్ నవంబర్ 30న ముగుస్తుంది అనుకుంటే, దరఖాస్తు అక్టోబర్ 5 నాటికి అంది ఉండాలి. అందితే పొడిగింపు జనవరి 25 దాకా నడుస్తుంది. ఇంగ్లండ్‌లో ఫెజెంట్ పక్షుల వేట కాలం అక్టోబర్ 1న మొదలై ఫిబ్రవరి 1న ముగుస్తుంది కాబట్టి, చివరి వారం వేటకు వెళ్లాలంటే అప్పటికీ నిర్ణయం రాకపోతే పర్మిట్ కావాలి. అదే దరఖాస్తు అక్టోబర్ 12న అంది ఉంటే, ఒక్క వారం తేడాతో పొడిగింపు పూర్తిగా పోతుంది. ఏడు వారాల ముందు పెట్టినందుకు ఏడు వారాల పొడిగింపు ఇచ్చే లెక్క ఈ సెక్షన్‌లో లేదు. అప్పుడు డిసెంబర్ 1 నుంచే పర్మిట్ మీద ఆధారపడాలి. డాక్టరు నుంచి ఆరోగ్య సమాచారం రావడం ఆలస్యమై దరఖాస్తును చివరిదాకా ఆపుకున్నవారు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

డాక్టరు సమాచారం ఇంత కీలకం కావడానికి వెనక ఒక దారుణం ఉంది. 2021 ఆగస్టు 12న ప్లిమత్ నగరంలోని కీహమ్‌లో ఒక వ్యక్తి ఐదుగురిని కాల్చి చంపి తననూ కాల్చుకున్నాడు. మృతుల్లో మూడేళ్ల పాప ఉంది. అతని షాట్‌గన్‌నూ సర్టిఫికెట్‌నూ అంతకుముందు స్వాధీనం చేసుకున్న డెవన్ అండ్ కార్న్‌వాల్ పోలీసులు, ఘటనకు కొన్ని వారాల ముందే వాటిని తిరిగి ఇచ్చేశారు. 2023లో ముగిసిన మరణ విచారణలో జ్యూరీ పోలీసు లైసెన్సింగ్ వ్యవస్థ వైఫల్యాలను గట్టిగా ఎత్తిచూపింది. 2021 నవంబర్ 1న అమల్లోకి వచ్చిన హోం ఆఫీస్ మార్గదర్శకాల ప్రకారం, దరఖాస్తుదారుడి ఆరోగ్యంపై డాక్టరు నుంచి సమాచారం అందకుండా పోలీసులు సర్టిఫికెట్ ఇవ్వకూడదు, రెన్యువల్ చేయకూడదు. ఈ కట్టుదిట్టం అవసరమైనదే. కోవిడ్ కాలంలో పేరుకున్న దరఖాస్తుల మీద ఈ అదనపు పని వచ్చిపడింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 43 పోలీసు దళాలుండగా ప్రతి దళానికీ సొంత లైసెన్సింగ్ విభాగం, సొంత సిబ్బంది, సొంత వేగం. ఒక కౌంటీలో కొద్ది వారాల్లో తేలే పని పక్క కౌంటీలో నెలలు పట్టవచ్చు. 2025 ఫిబ్రవరిలో షాట్‌గన్ రెన్యువల్ రుసుమును 49 పౌండ్ల నుంచి 126 పౌండ్లకు పెంచారు. లైసెన్సింగ్‌కయ్యే ఖర్చు మొత్తం రుసుముల నుంచే రావాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. రెండున్నర రెట్లు చెల్లిస్తున్నవారు ఎనిమిది వారాల్లో జవాబు ఆశించడంలో అన్యాయమేమీ లేదు.

అసలు అభ్యంతరం మాత్రం యజమానుల అసౌకర్యం గురించి కాదు. తాత్కాలిక పర్మిట్ అరుదైన సందర్భాల కోసం పుట్టిన మినహాయింపు. దాన్ని జాప్యానికి రోజువారీ మందుగా వాడితే ప్రజల భద్రత కోణంలోనే లోపం తలెత్తుతుంది. పర్మిట్ ఇవ్వాలంటే ఆ వ్యక్తి దగ్గర తుపాకీ ఉంటే ప్రమాదం లేదని పోలీసులు నమ్మాలి. ఆ నమ్మకానికి రావడానికి తగిన పరిశీలన జరిగి ఉంటే, రెన్యువల్ ఆపడానికి మిగిలింది చాలా తక్కువ. ఆ పరిశీలన జరగకపోతే, ఐదేళ్ల కిందటి అంచనా ఆధారంగానే తుపాకీ మరికొన్ని నెలలు ఇంట్లో ఉంటుంది. మధ్యలో విడాకులు, ఉద్యోగం పోవడం, మానసిక కుంగుబాటు వంటివి వచ్చి ఉంటే వాటిని కనిపెట్టడానికే రెన్యువల్ విచారణ ఉన్నది. సరిగ్గా ఆ విచారణే వాయిదా పడుతోంది. పైగా పర్మిట్లు అందరికీ అందుతున్నంత కాలం బయటికి ఎవరి హక్కూ ఆగినట్టు కనిపించదు కాబట్టి, సిబ్బందిని పెంచమన్న ఒత్తిడి కూడా తగ్గుతుంది. 2017లో ఎనిమిది వారాల పొడిగింపు తెచ్చింది ఈ అదనపు కాగితం పనిని తప్పించడానికే. పొడిగింపు అయ్యాక మళ్లీ పర్మిట్ల మీద పడటమంటే, ఆ సవరణ లెక్కవేసిన సమయం చాలలేదని ఒప్పుకున్నట్టే.

దీనికి పరిష్కారంగా పొడిగింపును పదహారు వారాలకు పెంచాలని వాదించవచ్చు. అది యజమానికి మేలు చేస్తుంది కానీ పైన చెప్పిన లోపాన్ని రెట్టింపు చేస్తుంది. ఆరోగ్య సమాచారం, నేర రికార్డు, కుటుంబ పరిస్థితి అనే మూడింటినీ గడువుకు ముందే పూర్తి చేసి, ఇంటికి వెళ్లి చూడటం వంటి మిగిలిన పనికి మాత్రమే పొడిగింపును వాడటం సబబైన దారి. అందుకు కావలసింది సిబ్బంది. వారిని నియమించడానికే కదా రుసుము పెంచింది.

భారతదేశంలో లైసెన్సు తుపాకీ సంగతులు తెలిసిన తెలుగువారికి ఈ ఏర్పాటు కొంత వింతగా తోచవచ్చు. మన ఆయుధాల చట్టం, 1959లోని 21వ సెక్షన్ ప్రకారం, ఆయుధం ఉంచుకోవడం ఏ కారణం వల్లనైనా చట్టబద్ధం కాకుండా పోతే, దాన్ని ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించాలి. ఎన్నికలప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సుదారులు తుపాకులు స్టేషన్లో జమ చేయడం మామూలే కాబట్టి ఆ అలవాటు అందరికీ తెలుసు. అక్కడి నుంచి బ్రిటన్ వెళ్లి స్థిరపడి క్లే షూటింగ్ నేర్చుకుంటున్నవారు, రెన్యువల్ ఆగితే తుపాకీని స్టేషన్లో ఇచ్చేయడమే దారి అనుకోవచ్చు. అది ఒక దారి మాత్రమే. పొడిగింపు, పర్మిట్ రెండూ దానికంటే ముందు వస్తాయి.

పర్మిట్ రాకపోయినా షూటింగ్ పూర్తిగా ఆగిపోదు. కృత్రిమ లక్ష్యాల మీద కాల్చడానికి పోలీసు ఉన్నతాధికారి ఆమోదించిన సమయంలో, స్థలంలో ఎవరైనా సర్టిఫికెట్ లేకుండా షాట్‌గన్ వాడవచ్చని 11వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ చెబుతుంది. తొలిసారి వచ్చినవారికి క్లే మైదానాలు పాఠం చెప్పగలుగుతున్నది ఈ వెసులుబాటుతోనే; గడువు తీరిన పాత షూటరుకూ అది వర్తిస్తుంది. అయితే ఇది ఆ స్థలానికే పరిమితం. ఇంటి నుంచి సొంత తుపాకీని కారులో తెచ్చుకునే ప్రయాణాన్ని ఇది కాపాడదు, కాబట్టి మైదానంవారి తుపాకీతోనే కాల్చాలి. ప్రైవేటు భూమిలో అయితే 11ఎ సెక్షన్ ఉంది: సర్టిఫికెట్ ఉన్న, 18 ఏళ్లు నిండిన వ్యక్తి, ఆ భూమిలో వేటకు అనుమతించే హక్కు ఉన్నవారైతే గానీ, అలాంటి హక్కున్నవారు రాసి ఇచ్చిన అధికారంతో గానీ, తన తుపాకీని మరొకరికి ఇచ్చి కాల్పించవచ్చు. తుపాకీ అరువిచ్చినంతసేపూ నిబంధన ప్రకారం ఇచ్చిన వ్యక్తి గానీ, సర్టిఫికెట్ ఉండి అలాంటి హక్కో అధికారమో గల, 18 ఏళ్లు నిండిన మరొకరు గానీ పక్కన ఉండాలి.

ఇంట్లో ఉన్న సొంత తుపాకీ సంగతి మాత్రం తేలాలి. సర్టిఫికెట్ నిరాకరిస్తే 44వ సెక్షన్ కింద క్రౌన్ కోర్టుకు, స్కాట్లాండ్‌లో షెరిఫ్‌కు (అక్కడ ఆ పేరు స్థానిక న్యాయమూర్తిది) అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీళ్ల జాబితాలో 7వ సెక్షన్ పర్మిట్ లేదు. నిర్ణయం తీసుకోకుండా నాన్చడం కూడా నిర్ణయం కాదు కాబట్టి అదీ అందులోకి రాదు. హైకోర్టులో న్యాయ సమీక్ష కోరవచ్చు కానీ ఒక షాట్‌గన్ కోసం ఆ ఖర్చు భరించేవారు అరుదు. అందుకే గడువుకు రెండు మూడు వారాల ముందే పోలీసు లైసెన్సింగ్ విభాగానికి రాసి, పొడిగింపు వర్తిస్తుందా, వర్తించకపోతే పర్మిట్ ఎప్పుడు వస్తుంది, అందులో వాడకంపై షరతు ఉంటుందా అని మూడు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. జవాబు రాకపోయినా, పర్మిట్ రాకపోయినా, చివరి రోజు సాయంత్రంలోగా తుపాకీని రిజిస్టరైన డీలరు దగ్గర భద్రపరచాలి. డీలరు దాన్ని తన రిజిస్టరులో రాసుకుని రసీదు ఇస్తాడు. నిల్వ రుసుము యజమానే చెల్లించాలి. మర్నాడు పర్మిట్ వచ్చిందని వెళ్లి అడిగినా డీలరు వెంటనే ఇవ్వకపోవచ్చు. ఒకసారి అప్పగించిన తుపాకీని వెనక్కి తీసుకోవడం కొత్తగా పొందడం కిందికి వస్తుందేమోనని అతను పోలీసులను అడిగి తెలుసుకుంటాడు, అడగడం అతని బాధ్యత కూడా. ఆ సందేహం రాకుండా ఉండాలంటే, తుపాకీ డీలరు దగ్గర నిల్వలో ఉందని, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికే పర్మిట్ కోరుతున్నానని దరఖాస్తులోనే తెలిపి, పర్మిట్ మీద ఆ మాట రాయించుకోవాలి.